బరువు కాలమ్ ఖాళీగానే తీసుకోవలసిందిగా

తేది: జూన్ 24, మంగళవారం

గౌరవనీయులైన మండల విద్యాశాఖాధికారి గారి సముఖమునకు,

రాళ్ళకుంటపల్లె గ్రామం, చర్చి వీధి కాపురస్తురాలు, వ్యవసాయ కూలి, 56 సంవత్సరముల వయస్సు గల దానమ్మ వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నా తమ్ముని కుమార్తె కృపారాణిని పదవ తరగతిలో కూర్చోనిచ్చుట గురించి, ఆమె ఆరోగ్య ధ్రువపత్రములో నాలుగవ కాలమ్ "ప్రస్తుత బరువు" ఖాళీగా ఉన్నప్పటికీ సదరు పత్రమును స్వీకరించుట గురించి.

పై విషయమును పురస్కరించుకొని తమకు మనవి చేయునది ఏమనగా, నేను ఏడో తరగతి వరకు చదివినాను. మా వీధిలో పింఛన్లకూ ఇళ్ళస్థలాలకూ అర్జీలు నేనే రాసిపెడతాను. నా కోసం రాసుకోవడం ఇదే మొదటిసారి. ఈ అర్జీలో పిల్ల బరువు ఎక్కడా రాయలేదు. మరిచిపోయి కాదు. ఎందుకో కింద తెలియగలదు.

1. మా అమ్మానాయనలు పోయేనాటికి తమ్ముడు శ్యాంసన్‌కు తొమ్మిదేండ్లు. ఇంటికి పెద్దదాన్ని నేను. పెండ్లి చేసుకోలేదు, తీరిక దొరకలేదు. వాడు పెద్దోడై, పెండ్లయి, భార్య విషజ్వరంతో పోయినాక ఐదేండ్ల కృపారాణి మళ్ళా నా ఒళ్ళోకే వచ్చింది. ఇప్పుడు దానికి పదిహేను. నన్ను అత్తా అంటది. అమ్మా అని పిలవమని నేనెన్నడూ అడగలేదు.

2. తమ్ముడు పెద్దదోర్నాలలో, శ్రీశైలం పోయే రోడ్డు మీద ఒక హోటల్లో పరోటా మాస్టరు. శనివారం నుండి సోమవారం దాకా యాత్రికుల రద్దీ. మంగళవారం వానికి సెలవు. వచ్చేటప్పుడు పరోటాలు, కోడికూర, పెద్ద కూల్‌డ్రింకు సీసా తెచ్చేవాడు. తల్లి లేని పిల్ల అని వాని బాధ. పిల్ల మధ్యాహ్నం నుండే గడప మీద కూర్చొని బస్సు చప్పుడు కోసం చూసేది. అది తింటా ఉంటే వీడు ఎదురుగా కూర్చొని చూసేవాడు. "నువ్వు గూడా తినరా" అంటే "నాకు నిండిపోయింది లేక్కా" అనేవాడు. మిగిలిన ఆరు రోజులు మూడు పూటలా తెల్లన్నం పెట్టింది నేను. కాబట్టి పిల్ల అంత బరువు పెరగడంలో బడిది ఏమీ లేదు. అది మా ఇంట్లో, మా చేతులతో జరిగినది.

3. పోయిన సంవత్సరం జూలై మాసంలో పాఠశాల వరండాలో పిల్లలందరికీ ఎత్తు, బరువు చూసినారు. ఒక సారు మిషను చూసి అంకె చదవడం, ఇంకొక సారు దూరంగా బల్ల దగ్గర కూర్చొని రాసుకోవడం. గట్టిగా చదవకపోతే రాసేవారికి వినపడదు. అది నిజమే. దాని స్నేహితురాలు రజిని నాకు తరువాత చెప్పినది: కృపారాణి మిషను ఎక్కబోయేటప్పుడు వెనకనుండి ఎవడో "సార్, మిషనుకు బీమా ఉందా?" అన్నాడంట. లైనంతా నవ్విందంట. సారు గూడా ముందు నవ్వి, ఆ తరువాత వాణ్ణి తిట్టినారంట.

పిమ్మట పేర్లన్నీ ఒక చార్టు మీద రాసి, పేరు పేరుకూ రంగు చుక్క పెట్టినారు. పచ్చ చుక్క, పసుపు చుక్క, ఎర్ర చుక్క. సదరు చార్టు మధ్యాహ్న భోజనానికి కంచాలు పట్టుకొని నిలబడే చోట గోడకు అంటించినారు. పిల్లలకు అవగాహన రావాలని మంచి ఉద్దేశంతోనే అంటించినారు. తొమ్మిదో తరగతి మొత్తానికి ఎర్ర చుక్క ఒక్కటే.

4. చార్టుతో పాటు తల్లిదండ్రులకు ఒక కాగితం పంపినారు. పాలిషు పట్టని ధాన్యాలు, పప్పులు, ఆకుకూరలు, పండ్లు పెట్టవలెనని, నూనె పదార్థాలు, ప్యాకెట్ తిండ్లు, శీతల పానీయాలు మానవలెనని, కుటుంబమంతా పాటించవలెనని అందులో ఉన్నది. మంచి కాగితం. నేను దాన్ని బైబిలులో పెట్టుకున్నాను. ఇప్పటికీ ఉంది.

5. ఆ కాగితం తీసుకొని మార్కాపురంలో ఒక డాక్టరమ్మ దగ్గరకు పోయినాము. ఆమె పిల్లని బయట కూర్చోబెట్టి మా ఇద్దరితో మాట్లాడింది.

"పిల్లకు వేరే గిన్నెలో వండితే అది శిక్ష అనుకుంటది. అందరూ ఒకే కుండలోది తినండి. తిట్టొద్దు. నెలకోసారి నేను చూస్తా, మీరు తూకం వేయొద్దు. కంచంలోకి తొంగి చూడొద్దు."

తమ్ముడు తల గోక్కున్నాడు. "మేడమ్, ఏం వండాల?"

"మీ చిన్నప్పుడు ఏం తిన్నారో అదే."

"కొర్రన్నం, జొన్న సంగటి తిన్నాం మేడమ్. అప్పుడు బీదోళ్ళు అన్నారు."

"ఇప్పుడు డాక్టరు చీటీ రాసిచ్చినాదని చెప్పు."

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో వాడు నవ్వి నవ్వి కండ్లు తుడుచుకున్నాడు. "అక్కా, అప్పుడు ఆ కొర్రలు తప్పించుకోవాలనే కదా నేను హోటలు పనికి పోయింది" అన్నాడు.

6. ఆ విధంగా ఆగస్టు నుండి మా ఇంట్లో ఒకటే కుండ. కొర్రన్నం, అలసంద పప్పు, గోంగూర, మునగాకు, సాయంత్రం జొన్నరొట్టె, ఉడకబెట్టిన శనక్కాయలు. తమ్ముడు పార్సిళ్ళు మానేసి జామకాయలు తేవడం మొదలుపెట్టినాడు. మొదటి నెల పిల్ల ఏడ్చింది. ఒక మంగళవారం వాని చొక్కా వాసన చూసి "నాయనా, నీ దగ్గర పరోటా వాసన వస్తాంది, దూరంగా కూర్చో" అనింది. వాడు బావి దగ్గరికి పోయి స్నానం చేసి వచ్చి కూర్చున్నాడు. రెండో నెలకు అలవాటైంది. దసరా సెలవుల్లో అది నాతో పొలానికి వచ్చి కంది చేలో కలుపు తీసింది. పాట పాడింది. డాక్టరమ్మ సంతోషపడింది. ఆ నాలుగు నెలలు దేవుడు మాకు ఇచ్చిన మంచి దినాలు. అవి గూడా రాస్తున్నాను. లేకుంటే ఈ అర్జీ అబద్ధమైపోతుంది.

7. డిసెంబరులో పాఠశాలలో రెండవసారి బరువు చూసినారు. ఈసారి అంకె తగ్గింది. సారు గట్టిగా చదివి "అందరూ చప్పట్లు కొట్టండి" అన్నారు. అందరూ కొట్టినారు. బీమా అడిగినవాడు గూడా కొట్టినాడంట. పిల్ల ఇంటికి పరుగెత్తుకొని వచ్చింది.

"అత్తా, నాకు చప్పట్లు కొట్టినారు. మార్చిలో మళ్ళా చూస్తారంట. అప్పటికి పసుపు చుక్క వస్తదా?"

"వస్తది లేమ్మా" అన్నాను.

అయ్యా, నవ్వులు ఆ పిల్లని ఏడిపించినాయి గానీ పడగొట్టలేదు. పడగొట్టింది ఆ చప్పట్లు. ఇది నాకు ఆసుపత్రిలో కూర్చున్నాక తెలిసింది.

8. తమకు మా ఆచారం ఒకటి చెప్పవలసి ఉన్నది. మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఎసట్లో పోసే ముందు ఒక పిడికెడు తీసి డబ్బాలో వేస్తారు. ఆదివారం ఆ డబ్బా చర్చికి తీసుకుపోతారు. అందరివీ కలిపి ఆ వారం లేనివాళ్ళకూ, పాస్టరు అయ్యగారి ఇంటికీ ఇస్తారు. పిడికెడు బియ్యం అంటాము. మా అమ్మ వేసింది. నాకు బుద్ధి తెలిసినప్పటినుండి నేను వేసినాను. మాది పాత పాలపొడి డబ్బా. కొర్రలకు మారినప్పుడు కొర్రలు వేయవచ్చునా అని అయ్యగారిని అడిగినాను. "మీరు తినేదే దేవునికి పెట్టండి" అన్నారు. అయ్యగారి భార్య, మా అమ్మగారు, నవ్వి "అయితే దానమ్మా, ఇంక మాకు గూడా కొర్రన్నమేనా" అనింది.

జనవరి నుండి మిరప కోతలు. నేను చీకటితోనే కూలికి పోతాను, డాక్టరమ్మ దగ్గరికి నెలనెలా పోవడం గూడా ఆ కోతల్లో తప్పిపోయింది. రాత్రే నా సద్ది కట్టుకుంటాను. పొద్దుటి పొయ్యి, ఆ పిడికెడు, రెండూ పిల్లవే. మనిషికి ఒక గ్లాసు కొర్రలు కొలత. తనది పొద్దునకు, నాది మాపటికి, రెండు గ్లాసులు తీసి వండాలి.

ఆ నెలలో డబ్బా నిండసాగింది. ఇంతకుముందు శనివారానికి సగం అయ్యేది. ఇప్పుడు బుధవారానికే నిండి, పక్కన ఇంకొక డబ్బా పెట్టవలసి వచ్చింది. పిల్ల చెయ్యి పెద్దదైందనుకున్నాను. బస్తా చూసినాను. ఎప్పటిలాగే తగ్గుతాంది. అంటే పిల్ల తింటాంది. తిన్నాక గూడా డబ్బా నిండుతాంది. ఇంక ఇది దేవుని పనే అనుకున్నాను.

ముప్పై ఏండ్ల కూలి చేసినదాన్ని. గింజ ఎక్కడినుండి వస్తుందో నాకు తెలియనిది కాదు. అయినా అట్ల అనుకున్నాను.

9. మార్చిలో శ్రమదినాలు వచ్చినాయి. గుడ్ ఫ్రైడేకు ముందు నలభై దినాలు మేము పగలు ఉపవాసం ఉంటాము. పిల్ల తానూ ఉంటానన్నది. నేను వద్దనలేదు. వద్దనకపోవడమే కాదు, లోపల సంతోషపడినాను.

రెండవ ఆదివారం ఆరాధనలో సాక్ష్యం చెప్పడానికి లేచినాను. నేను ఎక్కువగా లేచేదాన్ని కాదు. "మా ఇంట్లో దేవుడు కార్యం చేసినాడు. మా పిల్ల తిండి మార్చుకుంది, ఒళ్ళు తగ్గింది, ఉపవాసం పడుతాంది. ఆయన మా డబ్బా నింపుతున్నాడు" అని చెప్పినాను. రెండు డబ్బాలూ ఎత్తి చూపినాను. అందరూ స్తోత్రం అన్నారు. చప్పట్లు కొట్టినారు. అక్కడా చప్పట్లే. కృపారాణి ఆడవాళ్ళ వరసలో మూడో చాప మీద కూర్చొని చాప పుల్లలు గిల్లుకుంటా ఉంది. తల ఎత్తలేదు. వినయం అనుకున్నాను. బయటికి వచ్చేటప్పుడు ముసలమ్మలు దాని గడ్డం పట్టుకొని "బంగారు తల్లి" అన్నారు.

చేతి ఎముకలు బయటపడినాయి. చూసినాను. జుట్టు ఊడి దువ్వెనకు చుట్టుకుంటాంది. అదీ చూసినాను. అయినా డబ్బానే చూసినాను.

10. మార్చి 27వ తేదీ మూడవసారి బరువు చూసే దినం. మిషను ఎక్కేవరకు మంచినీళ్ళు గూడా బరువేనని ముందటి దినం మధ్యాహ్నం నుండి తాగలేదంట. లైనులో దాని ముందు ఇద్దరే ఉన్నారు. పడిపోయింది. హెచ్.ఎం. మేడమ్ స్వయంగా తన ఒళ్ళో పడుకోబెట్టుకొని 108లో మార్కాపురం తీసుకుపోయినారు. నేను తోటలో ఉన్నాను. రజిని తండ్రి బండి మీద వచ్చి "అక్కా, చేతులు కడుక్కో, పోదాం" అన్నాడు.

పిల్ల తొమ్మిది దినాలు మంచం మీద ఉంది. ఒంట్లో ఉప్పు, ఇంకా ఏవో తగ్గిపోయి గుండె లయ తప్పిందన్నారు. ఇంకొక వారం ఇట్లే ఉంటే నిద్రలోనే పోయేదన్నారు. మొదట చూసిన మా డాక్టరమ్మే వచ్చి నన్ను అడిగింది.

"ఇంట్లో ఏం తింటాంది?"

చెప్పినాను. కొర్రన్నం, పప్పు, ఆకుకూర. గడగడా చెప్పినాను. బడిలో సార్లు అడిగితే "డాక్టరు బియ్యం వద్దన్నారు, ఇంట్లో తినొచ్చినా" అని చెప్పేదంట. మాపటేళ ఇంట్లో నేను అడిగితే "బడిలో గుడ్డు పెట్టినారత్తా" అనేది. అందరం నమ్మినాము.

డాక్టరమ్మ పోయినాక పిల్ల గోడవైపు తిరిగి మాట్లాడింది.

"అత్తా, డబ్బాలో నేనే పోసినాను."

"పిడికెడు వేయమని నేనే కదమ్మా చెప్పింది."

"పిడికెడు కాదత్తా. నా గ్లాసు."

నాకు అర్థం కాలేదు.

"రోజూ రెండు గ్లాసులు కొలిచేదాన్ని. నీది ఎసట్లో పోసేదాన్ని. నాది డబ్బాలో పోసేదాన్ని. పారేయలేదత్తా. తిండి పారేస్తే పాపం గదా. దేవునికే ఇచ్చినా."

"మరి నేను సాక్ష్యం చెప్పేటప్పుడు ఎందుకు లేవలేదు తల్లీ?"

"నువ్వు అంత సంతోషంగా ఎప్పుడూ లేవు గదా" అనింది.

అయ్యా, ఇంక ఈ అంశం మీద నేను రాయలేను. తరువాతి అంశానికి పోతున్నాను.

11. పిల్ల వార్షిక పరీక్షలు రాయలేదు. వేసవి అంతా ఇంట్లోనే ఉంది. కొంచెం కొంచెం తింటాంది. మాతో కూర్చొని కాదు. వెనక వసారాలో, గోడ వైపు తిరిగి. ఎవరం చూడము. తమ్ముడు మంగళవారాలు వస్తాడు, ఖాళీ చేతులతో వస్తాడు. జామకాయ తేవాలన్నా వానికి భయం. ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకొని కూర్చుంటాడు. చర్చికి పిల్ల రాదు. పాట లేదు.

12. జూన్ 12న బడి తెరిచినారు. ఆ దినం పొద్దున పిల్ల తనంతట తానే యూనిఫాం వేసుకున్నది. పిన్నులు పెట్టి నడుము దగ్గర బిగించుకున్నది. మూడు నెలల్లో అది తానుగా అడిగింది ఒకటే. "అత్తా, బడికి పోతా." ఇద్దరం పోయినాము. ఆరోగ్య ధ్రువపత్రం లేనిదే చేర్చుకోరాదని ఆఫీసులో ఫారం ఇచ్చినారు. మళ్ళా ఏమన్నా అయితే ఎవరు జవాబుదారి అని భయం. వాళ్ళ భయం న్యాయమైనదే.

ఆ మరునాడే డాక్టరమ్మ ఫారం నింపినది. చదువుకొనుటకు తగియున్నది అని రాసి సంతకం చేసింది. నాలుగో కాలమ్ మాత్రం కొట్టివేసి, "మూడు మాసముల వరకు ఈ బాలికను ఎవరూ తూకము వేయరాదు, బరువు ప్రస్తావించరాదు" అని పక్కన రాసింది. పిల్లకు వచ్చిన జబ్బు ఇప్పుడు అంకెల జబ్బు అని నాకు చెప్పింది. అంకె వింటే మళ్ళా గ్లాసు పక్కన పెడుతుందని చెప్పింది.

ఫారం తీసుకొని పోతే ఆఫీసులో గుమాస్తా బాబు తిప్పి తిప్పి చూసినాడు.

"నాలుగో కాలమ్ ఏది పెద్దమ్మా?"

"డాక్టరమ్మ వద్దని రాసింది చూడు నాయనా."

"అది నాకు అర్థమైంది. కంప్యూటరుకు అర్థం కాదు. ఖాళీగా పెడితే ముందుకు పోదు."

"కంప్యూటరు పిల్లనేమన్నా ఎత్తుకొని మోయాల్నా?"

ఆ బాబు నవ్వినాడు. చెడ్డవాడు కాదు. "పోనీ సున్నా వేయించుకోని రా. తీసుకుంటది" అన్నాడు.

పిల్ల నా పక్కనే ఉంది. సున్నా అనే మాట వినింది. ఆ సున్నా వైపు నడిచే కదా అది లైనులో పడిపోయింది. దాని చెయ్యి పట్టుకొని ఇంటికి వచ్చినాను. ఆ దినం అది నీళ్ళు మాత్రమే తాగింది. తరువాత ఇంకొక రెండుసార్లు నేనొక్కదాన్నే పోయినాను. అదే జవాబు. యూనిఫాం ఉతికి, పిన్నులతో సహా కొయ్యకు తగిలించి ఉన్నది.

13. పాఠశాల వారు మార్చి సంఘటనపై రాసిన నివేదికలో "ఇంటి వద్ద మతపరమైన ఉపవాసముల వలన" అని కారణం రాసినట్లు చూపించినారు. అది తప్పు కాదు. పూర్తిగా ఒప్పూ కాదు. ఉపవాసం ఇరవై దినాలు. డబ్బా మూడు నెలలు. దయచేసి అందులో ఈ వాక్యం చేర్చవలెను: "బాలిక మేనత్త దానమ్మ, చూసి కూడా గ్రహించలేదు." నేను సంతకం పెడతాను.

కావున తమరు దయతలచి,

(అ) నాలుగవ కాలమ్ ఖాళీగానే ఉంచి ధ్రువపత్రమును తీసుకొని, కృపారాణిని పదవ తరగతిలో కూర్చోబెట్టవలసినదిగా పాఠశాల వారికి ఉత్తర్వు ఇవ్వగలరు. కంప్యూటరుకు ఎట్ల చెప్పాలో తమ కార్యాలయంలో తెలిసినవారు ఉంటారు. నాకు కావలసింది ఇది ఒక్కటే. కిందివి తమకు వీలైతే.

(ఆ) బరువు చూసే మిషనును ఒక గదిలో పెట్టించి, తలుపు వేసి, ఒక్కొక్కరినే పిలిచి, అంకెను కాగితం మీద రాసి చూపించగలరు. నోటితో చదవకుండా. తగ్గినా సరే, చప్పట్లు కొట్టించకుండా.

(ఇ) చార్టు ఇంకా గోడకే ఉన్నది. దానిమీద పేరు గూడా ఉన్నది.

(ఈ) తల్లిదండ్రులకు పంపే కాగితం మంచిది. దాన్ని ఆపవద్దు. కాని డాక్టరమ్మ చెప్పిన మాటలు రెండు అందులో చేర్చగలరు. ఒకే కుండ అనేది, కంచంలోకి తొంగి చూడొద్దు అనేది. మూడోది నేను చేరుస్తున్నాను: కంచంలోకి చూడకపోయినా పిల్ల మొహంలోకి చూడవలెను.

తమకు ఒక సంగతి దాచకుండా చెప్పుకోవాలి. నేను ఏ కష్టమొచ్చినా మనుషులకు అర్జీ పెట్టుకున్నదాన్ని కాదు. మోకాళ్ళ మీద పెట్టుకున్నాను, పైకి, వీధికి వినపడేటట్టు. ఆసుపత్రి నుండి వచ్చిన దినం అన్నం ముందర ప్రార్థన మొదలుపెడితే పిల్ల నా నోటి మీద చెయ్యి పెట్టింది. "అత్తా, నా కోసం పైకి అడగొద్దు. నువ్వు అడిగితే అందరూ నా కంచం చూస్తారు" అనింది. సరే అని మాట ఇచ్చినాను. రెండున్నర నెలలైంది. లోపల అడుగుతూనే ఉన్నాను. లోపల అడగడం నాకు ఇంకా చేతకావడంలేదు. అందువల్ల, పైకి అడిగే మాట తమ దగ్గరికి వచ్చింది.

తమరు తీరికగా చిత్తగించి, పిల్లను బడిలోకి రానివ్వవలెనని వేడుకొను,

తమ విధేయురాలు,
దానమ్మ
(శ్యాంసన్ అక్క)

జతపరచినవి:
1. ఆరోగ్య ధ్రువపత్రము, నాలుగవ కాలమ్ లేకుండా.
2. ఆసుపత్రి వారు ఇచ్చిన చీటీ, నకలు.
3. కాగితపు పొట్లం, ఒకటి.

తా.క. పొట్లం సంగతి. అది లంచం కాదయ్యా. అందులో పిడికెడు కొర్రలు ఉన్నాయి.

మార్చి నుండి మా ఇంట్లో డబ్బా బోర్లించి ఉంది. ఆదివారాలు వట్టి చేతులతో చర్చికి పోతున్నాను. ఈ పొద్దున నేను ఈ అర్జీ ముగించి మడత పెడుతుంటే పిల్ల వచ్చి అడిగి తీసుకొని చదివింది. మొత్తం చదివింది. పదో అంశం దగ్గర ఆగి, మళ్ళా చదివింది. లేచి పొయ్యి దగ్గరికి పోయింది. ఈ దినం మంగళవారం, తమ్ముడు ఇంట్లోనే ఉన్నాడు. మూడు గ్లాసులు కొలిచి మూడూ ఎసట్లో పోసింది. ఆ తరువాత ఒక పిడికెడు తీసి పిడికిలి నాకు చూపించింది.

"అత్తా, ఇది ఇంతే. చూసుకో."

డబ్బా తిప్పడానికి నాకు చెయ్యి రాలేదు. అది నా మొహం చూసింది. పాత నోటుబుక్కులో కాగితం చించి, పిడికెడూ అందులో పోసి పొట్లం కట్టింది.

"ఆఫీసరు సారుకు ఇయ్యి. పిడికెడంటే ఎంతో ఆయనకు తెలియాలి గదా" అనింది.

అందుకని పంపుతున్నాను. చూసినాక తమ ఇంట్లో వండుకోండి, పారేయవద్దు.

అన్నం ఉడికినాక అది వసారాలోకి పోకుండా, నాకూ తమ్మునికీ మధ్య కంచం పెట్టుకొని కూర్చున్నది. ఎంత తినిందో తమకు రాయలేను. నేను చూడలేదు. కంచం కడిగేటప్పుడు గూడా చూడలేదు.